చక్రాల ర్యాకు చేయించే ముందు

చి.సౌ. అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

ఫొటోలు చూశాను. ఆరడుగుల స్లాటెడ్ యాంగిల్ ర్యాకు, అంటే వరసగా చిల్లులున్న ఇనుప యాంగిళ్ళని బోల్టులతో బిగించి కట్టింది, 15 అంగుళాల లోతు, ఐదు అరలు. కింద నాలుగు చక్రాలు పెట్టించేస్తే లాగి వెనక ఊడ్చుకోవచ్చు, ఎలుకల బెడద తగ్గుతుందని రాశావు. సబబే. పచ్చళ్ళ గదిలో కదలని సామాను వెనకే పురుగూ పుట్రా చేరేది. కానీ ఆ ర్యాకుకి ఉన్నదున్నట్టుగా చక్రాలు పెట్టించకు. చక్రం వచ్చాక దాన్ని బండిగానే చూడాలి. బండి కట్టేవాడు ముందు కింద చట్రం చూసుకుంటాడు, పైన ఎన్ని అరలన్నది తర్వాతి సంగతి.

ఎందుకంటున్నానో లెక్కలో చెప్తాను. నీకు లెక్కలు బాగానే వచ్చుగా. ర్యాకు, సరుకు కలిపి 100 కిలోలు అనుకో. బరువు నడిమధ్య ఉంటే, అంచున ఉన్న చక్రాలకీ దానికీ మధ్య దూరం ఏడున్నర అంగుళాలు. నువ్వు ఐదడుగుల ఎత్తున, అంటే 60 అంగుళాల దగ్గర చెయ్యేసి అడ్డంగా తోశావు. అవతలి చక్రాలు టైల్ అంచుకో గడపకో తట్టుకుని ఆగిపోయాయి. 100ని 7.5తో హెచ్చవేసి 60తో భాగించు. 12.5 కిలోలు. ఆపాటి తోపుకే నీ వైపు చక్రాలు గాల్లోకి లేస్తాయి. అదీ చక్రాలు సరిగ్గా అంచున ఉంటే. చక్రం నెత్తిన ఉండే ప్లేటు బిగించేసరికి చక్రం ఒకటింబావు అంగుళం లోపలికి వస్తుంది. ఎటు తోస్తే అటు మొహం తిప్పుకునే చక్రమైతే అది లోపలికి తిరిగినప్పుడు ఇంకో అంగుళం పైన పోతుంది. ఏడున్నర కాస్తా ఐదవుతుంది, 12.5 కాస్తా ఎనిమిది చిల్లర అవుతుంది. చక్రం తట్టుకుని ఉన్నప్పుడు ఎవరైనా పై అర పట్టుకుని కాస్త గట్టిగా లాగితే చాలు.

బరువు ఎంత పైన ఉందన్నది దీని తర్వాత వచ్చేది. నడుస్తున్న ర్యాకు ఠక్కున ఆగినప్పుడు పైన ఉన్న బరువు ముందుకి పోతూనే ఉంటుంది. జాడీలు పై అరలో, ప్యాకెట్లు కింద పెట్టిన ర్యాకు చిన్న గతుక్కే బోర్లా పడుతుంది.

కాబట్టి ముందుగా దాని ఎత్తు కోయించు. నిలువు యాంగిళ్ళు నాలుగడుగులకి కోస్తే నాలుగు అరలు దక్కుతాయి. తోసేటప్పుడు దాని మీదుగా ముందేముందో నీకు కనపడుతుంది, అది చిన్న లాభం కాదు. తర్వాత కింద చట్రం. ఒకటిన్నర అంగుళం చదరపు పైపు, 2 ఎమ్ఎమ్ మందంది తీసుకుని మూడడుగులు బై రెండడుగుల చట్రం వెల్డింగ్ చేయించు. మూలల్లో చక్రం ప్లేటు కూర్చునేలా పలక ముక్కలు పెట్టమను. ర్యాకుని ఆ చట్రం మధ్యలో నిలబెట్టి బోల్టులతో బిగించాలి, వెల్డింగ్ వద్దు. సన్న యాంగిల్‌కి వెల్డింగ్ పెడితే కాలి చిల్లు పడుతుంది. ర్యాకు ముందూ వెనకా నాలుగున్నర అంగుళాల చట్రం బయటికి ఉంటుంది. కాలికి తగులుతుందని పసుపు రంగు వేయించు.

నేను పాటించే లెక్క ఒకటి ఉంది. చక్రాలన్నీ లోపలికి తిరిగి ఉన్నప్పుడు వాటి మధ్య ఉండే తక్కువ వెడల్పుకి మూడింతలు మించి ఎత్తు ఉండకూడదు. రెండడుగుల చట్రానికి ఆ వెడల్పు 18 అంగుళాలు పడుతుంది, ఎత్తు చక్రాలతో కలిపి నాలుగున్నర అడుగులు. నాలుగడుగుల ర్యాకు దానికి ఇంచుమించు సరిపోతుంది. నీ దగ్గర ఇలాంటివే రెండు ర్యాకులు ఉన్నాయన్నావు కదా, వాటిని వీపూ వీపూ ఆనించి ఒకటిగా బిగిస్తే 30 అంగుళాల లోతు వస్తుంది. నాకైతే అదే నచ్చుతుంది, రెండు వైపులా సరుకు అందుతుంది. దానికి చట్రం కూడా 30 అంగుళాలదే కావాలి, మరి మీ గది తలుపులోంచి పట్టాలి.

కోయగా మిగిలిన రెండడుగుల ముక్కలు పారెయ్యకు. వెనకా పక్కలా ఏటవాలుగా బిగించడానికి పనికొస్తాయి. స్లాటెడ్ యాంగిల్ ర్యాకు నాలుగు మూలల బోల్టుల మీదే నిలబడితే పక్కకి ఊగుతుంది. గోడకి ఆనించి ఉన్నన్నాళ్ళు ఆ ఊగుడు తెలియదు, చక్రాల మీద నాలుగు రోజుల్లో తెలిసిపోతుంది. మూలలకి త్రికోణం ప్లేట్లు, బోల్టులకి నైలాక్ నట్టు, అంటే లోపల నైలాన్ రింగు ఉన్నది, తప్పనిసరి. మామూలు నట్టు ఆ అదురుకి వదులైపోతుంది.

చక్రాల సంగతి. కొట్టువాడు ఒక్కోటి ఇన్ని కిలోలు మోస్తుందంటాడు, నువ్వు నాలుగుతో హెచ్చవేసుకుని సరిపోయిందనుకుంటావు. నేల ఎక్కడా సమంగా ఉండదు, ఒక చక్రం ఎప్పుడూ సగం గాల్లోనే ఉంటుంది. అందుకని మొత్తం బరువుని మూడుతోనే భాగించాలి. నీ సరుకు చూద్దాం. 15 కిలోల నూనె టిన్నులు నాలుగు, అంటే 60. ఉప్పూ కారం 40. జాడీలు 60. పొడుల ప్యాకెట్లు 15. ర్యాకూ చట్రమూ 35. మొత్తం 210. మూడుతో భాగిస్తే 70. కాబట్టి వంద కిలోలు మోసేవి కొను. సైజు నాలుగంగుళాలకి తగ్గొద్దు. రెండంగుళాల చక్రం టైళ్ళ సందులోనే ఇరుక్కుంటుంది. రబ్బరుది నూనె తగిలితే ఉబ్బి పాడవుతుంది, నైలాన్‌ది గట్టిదే కానీ తడి టైల్ మీద జారుతుంది, గోల కూడా. పీయూ (పాలీయురెథేన్) అని అడుగు, ఇస్తారు. నీ దగ్గర ఉప్పు ఎక్కువ కాబట్టి చక్రం పట్టుకునే ఇనుప భాగం స్టెయిన్‌లెస్ స్టీలుదైతే మేలు. మధ్యలో ఒక్క స్క్రూతో బిగించే రకం అసలు వద్దు, నాలుగు బోల్టుల ప్లేటు రకమే తీసుకో.

నాలుగూ తిరిగేవి పెట్టమని అందరూ చెప్తారు, ఎటు కావాలంటే అటు పోతుందని. బరువు మోసే ర్యాకుకి నేను ఒప్పుకోను. ఒక చివర మొహం తిప్పుకోని రెండు ఫిక్స్ చక్రాలు, ఇంకో చివర రెండు తిరిగేవి, బ్రేకువి. అప్పుడు నిలువుగా, పొడుగు వైపే నడుస్తుంది. అడ్డంగా తోయడానికి వీల్లేకపోవడమే మనకి కావాల్సింది, పడేది అటే కనుక. బ్రేకు అన్నప్పుడు చక్రాన్నీ దాని తిరుగుడునీ రెంటినీ పట్టేది అడుగు. చక్రాన్ని మాత్రమే పట్టే బ్రేకుతో ర్యాకు ఆ చివర అటూ ఇటూ మెసులుతూనే ఉంటుంది.

మీ గదిలో నీళ్ళు పోవడానికి వాటం పెట్టి ఉంటారు. బ్రేకుల మీదే భరోసా పెట్టుకుని వాటంలో నిలపొద్దు. గోడకి కొక్కెం బిగించి, ర్యాకు పై భాగం నుంచి చిన్న గొలుసు తగిలించు. ప్లాస్టరింగ్‌లో కాకుండా ఇటుక లోపలికంటా దిగే పొడుగు స్క్రూ, ప్లగ్గు వాడమని చెప్పు. కదిపేటప్పుడు గొలుసు తీసి, అవగానే మళ్ళీ పెట్టు. బుడ్డోడు ఉన్న ఇంట్లో దీన్ని వాయిదా వెయ్యకు.

సరుకు సర్దేటప్పుడు టిన్నులు అడుగు అరలో, వాటిపైన జాడీలు, పొడులు పైన. నింపడం కింది నుంచి, ఖాళీ చెయ్యడం పై నుంచి. జాడీలున్న అర ముందు రెండంగుళాల పట్టీ వేయించు, అడుగున రబ్బరు షీటు పరుచు. గడప దాటించాలంటే జాడీలు దించి దాటించాల్సిందే.

అంతా అయ్యాక వెంటనే జాడీలు పెట్టకు. 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు ఒక్కోటి 20 కిలోలు. అవి కిందా పైనా పెట్టి, బ్రేకు వేసి, పై అరకి తాడు కట్టి దూరం నుంచి లాగి చూడు. ర్యాకు పడితే పడేంత దూరంలో నిలబడకు. ఊగినా, చక్రం లేచినా నాకు చెప్పు.

ఈలోగా తలుపు వెడల్పు రెక్క తెరిచి టేపుతో కొలిచి, కింద గడప ఎంత ఎత్తుందో చూడు. బుధవారం లోపు వాట్సాప్‌లో పెడితే ఆటోనగర్‌లో పైపు నేనే కోయిస్తాను. ఒంటి ర్యాకా, జంట ర్యాకా అన్నది ఆ కొలత వచ్చాకే. మీ పెద్దమ్మ మాగాయ అయిపోయిందంటోంది, వచ్చేవాళ్ళెవరైనా ఉంటే పంపు.

పెదనాన్న