వెనకాల వచ్చే ఇల్లు: ట్రైలర్ యాత్రలపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ అమెరికాలో ట్రావెల్ ట్రైలర్, అంటే కారు వెనక తగిలించుకుని లాగే చక్రాల ఇల్లు, కొనుక్కున్న తెలుగు కుటుంబాలవే.

ప్రశ్న: మాది 24 అడుగుల ట్రైలర్, ఖాళీ బరువు 4,600 పౌండ్లు. మా ఎస్‌యూవీ 7,000 పౌండ్లు లాగుతుందని కంపెనీ పుస్తకంలో ఉంది. అయినా హైవే మీద 60 మైళ్ళు దాటగానే వెనకాల ట్రైలర్ తోక ఆడిస్తుంది. పక్కనుంచి పెద్ద ట్రక్కు పోతే స్టీరింగ్ చేతిలో నిలవదు. ఎందుకిలా?
– ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: ఖాళీ బరువు లెక్క పక్కన పెట్టండి, ఖాళీ ట్రైలర్‌తో ఎవరూ ఊరికి బయల్దేరరు. గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ, మడత కుర్చీలు, గిన్నెలు, బియ్యం, పిల్లల సైకిళ్ళు అన్నీ ఎక్కాక మీది 5,800 పౌండ్ల దాకా వచ్చిందనుకుందాం. అందులో 10 నుంచి 15 శాతం హిచ్ బంతి (కారు వెనక ట్రైలర్ తగిలించే ఇనప బంతి) మీద పడాలి. దాన్నే టంగ్ వెయిట్ అంటారు. మీ లెక్కన అది 580 నుంచి 870 పౌండ్లు. అంతకన్నా తగ్గితే ట్రైలర్ ఊగుతుంది. సైకిళ్ళు వెనక బంపర్‌కి తగిలించి, నీళ్ళ ట్యాంకు నింపుకుని బయల్దేరేవాళ్ళకు తరచూ ఎదురయ్యేది ఇదే. 40 గ్యాలన్ల నీళ్ళంటే 330 పౌండ్లు. ఆ ట్యాంకు చక్రాల ఇరుసుకు వెనక వైపు ఉంటే ముందు వైపు బరువు తేలిపోతుంది. నీళ్ళు క్యాంపు‌గ్రౌండ్‌కి వెళ్ళాక పట్టుకోండి, సైకిళ్ళు కారు మీదికి ఎక్కించండి.

ఊహతో పని లేకుండా హైవే పక్క ట్రక్ స్టాపులో కాటా మీదికి ఎక్కించండి. మొదట ట్రైలర్‌తో కలిపి తూచండి. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (బరువును అన్ని ఇరుసులకూ పంచే హిచ్) ఉంటే దాని బార్లు అప్పుడు వదులు చేసి ఉండాలి. తర్వాత ట్రైలర్ విప్పి, అదే మనుషులు, అదే సామానుతో కారు ఒక్కటే తూచండి. మొదటి చీటీలో కారు రెండు ఇరుసుల బరువు కూడి, అందులోంచి రెండో చీటీలోని కారు బరువు తీసేస్తే మిగిలేదే టంగ్ వెయిట్.

అలాగని సామానంతా ముందుకు తోసేయకండి. డ్రైవర్ తలుపు తీస్తే తలుపు చట్రం మీద మనుషులూ సామానూ కలిపి ఎంత బరువు మించకూడదో రాసిన స్టిక్కర్ ఉంటుంది. టంగ్ వెయిట్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. స్టిక్కర్ మీద 1,400 అని ఉందనుకోండి. అయిదుగురు మనుషులు, డిక్కీలో సామాను కలిపి 850, టంగ్ వెయిట్ 650 అయితే మొత్తం 1,500. 7,000 లాగగలిగిన బండి ఇక్కడ 100 పౌండ్ల దగ్గర ఫెయిలయింది! అమ్మేవాళ్ళు ఈ స్టిక్కర్ ఊసెత్తరు, మనమే చూసుకోవాలి.

ఊగడం మొదలైతే కారు బ్రేకు తొక్కకండి. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, డ్రైవర్ దగ్గరుండే బ్రేక్ కంట్రోలర్ మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే పట్టించండి. టైర్లు కూడా చూడండి. ట్రైలర్ల కోసమే చేసే ఎస్‌టీ రకం టైర్లలో కొన్నిటికి 65 మైళ్ళే హద్దు. టైరు పక్కన ముద్రించిన డీఓటీ అక్షరాల చివరనుండే, తయారీ తేదీ చెప్పే నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. గీతలు అరగకపోయినా ఆరేళ్ళు దాటిన ట్రైలర్ టైరును నమ్మొద్దు.

ప్రశ్న: మాకు చలి ఏడాదికి నాలుగు రోజులే. అయినా ట్రైలర్ పైపుల్లో నీళ్ళు గడ్డకట్టకుండా పింక్ యాంటీఫ్రీజ్ పోయాలా?
– ప్లేనో, టెక్సాస్

జవాబు: ఆ నాలుగు రోజులే చాలు. 2021 ఫిబ్రవరి 16న డల్లాస్ విమానాశ్రయం దగ్గర ఉష్ణోగ్రత మైనస్ 2 ఫారెన్‌హీట్‌కి పడింది. గొట్టంలో మిగిలిన గుక్కెడు నీళ్ళు గడ్డకట్టి వ్యాకోచిస్తే పగిలేది గోడ వెనకాల. వసంతంలో పంపు వేసి నేల తడిసేదాకా తెలియదు.

ముందు రోజు రాత్రే వాటర్ హీటర్‌ను గ్యాసు మీదా కరెంటు మీదా రెండిట్లోనూ ఆపి చల్లారనివ్వండి. పొద్దున పంపు ఆపి, బయటి నీళ్ళ గొట్టం విప్పి, లోపల వేడి నీళ్ళ ట్యాప్ తిప్పి ఒత్తిడి పోనివ్వండి. తర్వాత బయట హీటర్ మూత తీసి కింది ప్లగ్ విప్పండి, 6 గ్యాలన్లు ఒక్కసారిగా దూకుతాయి, పక్కకు నిలబడండి. ఉక్కు ట్యాంకుండే సబర్బన్ హీటర్లలో ప్లగ్‌కే పొడుగాటి యానోడ్ కడ్డీ ఉంటుంది, దానికి 1-1/16 అంగుళాల సాకెట్ కావాలి. ట్యాంకు తుప్పు పట్టకుండా ఆ కడ్డీ తాను కరిగిపోతుంటుంది. ముప్పాతిక వంతు కరిగితే కొత్తది పెట్టండి, మరకు టెఫ్లాన్ టేపు చుట్టడం మరవద్దు. అల్యూమినియం ట్యాంకు హీటర్లలో ఈ కడ్డీ ఉండదు, వెతక్కండి.

మంచినీళ్ళ ట్యాంకు, ట్రైలర్ కింద ఉండే రెండు డ్రెయిన్లూ తెరిచి అంతా కారనిచ్చి మళ్ళీ మూసేయండి. ఫిల్టర్ తీసేసి హీటర్ బైపాస్ వాల్వ్ తిప్పండి. ఇది మరిస్తే మొదటి 6 గ్యాలన్ల పింక్ ద్రవం హీటర్ కడుపులోకే పోతుంది. పంపు దగ్గర, సాధారణంగా మంచం కిందో సోఫా కిందో, పీల్చే గొట్టం ఉంటుంది. దాన్ని పింక్ ద్రవం డబ్బాలో ముంచి పంపు వేయండి. ఒక్కో ట్యాప్‌లో ముందు చల్లది, తర్వాత వేడిది, గులాబీ రంగు వచ్చేదాకా తెరవండి. షవర్, టాయిలెట్ కూడా కానిచ్చి, చివరికి ఒక్కో సింకు కింది వంపులోకి కప్పుడు పోయండి. రెండు మూడు గ్యాలన్లు సరిపోతాయి. అందరూ మరిచేది బయట గోడకుండే షవర్. పగిలేదీ అదే.

కొనేటప్పుడు ఆర్‌వీ అని రాసి ఉన్న ప్రొపిలీన్ గ్లైకాల్ రకమే చూసి తీసుకోండి. కారు రేడియేటర్‌లో పోసేది ఇథిలీన్ గ్లైకాల్, విషం. వసంతంలో గొట్టాలు కడిగి, ప్రతి 15 గ్యాలన్ల ట్యాంకుకు పావు కప్పు వాసన లేని బ్లీచ్ నీళ్ళలో కలిపి పోసి, అన్ని ట్యాపుల్లోకీ రప్పించి, రాత్రంతా ఉంచి, వాసన పోయేదాకా కడగండి. హీటర్ ట్యాంకులో నీళ్ళు నిండకుండా దాని కరెంటు స్విచ్ వేస్తే లోపలి కాయిల్ క్షణాల్లో మాడిపోతుంది.

ప్రశ్న: ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ స్టవ్ మీద కుక్కర్ పెడితే కరెంటు పోతోంది. వైరింగ్ పాడైందా?
– ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: వైరింగ్ బాగానే ఉంది, లెక్కే తప్పింది. 30 ఆంపుల కనెక్షన్ 120 వోల్టుల మీద ఇచ్చేది 3,600 వాట్లు. ఏసీ 1,500, ఇండక్షన్ 1,800, దానికితోడు వాటర్ హీటర్ కరెంటు మీద ఉంటే ఇంకో 1,400, మొత్తం 4,700. హీటర్‌ను గ్యాసుకు మార్చి, కుక్కర్‌ను గ్యాస్ స్టవ్ మీద పెట్టుకోండి. ప్లగ్ పిన్నులు నల్లబడి ఉంటే మాత్రం వెంటనే మార్చాలి. వదులు ప్లగ్ వేడెక్కి కరుగుతుంది. పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ క్యాంపుగ్రౌండ్ కరెంటు స్తంభం దగ్గర బ్రేకర్ ఆపండి.

ప్రశ్న: వంటింటి సింకు నుంచి భరించలేని కంపు. టాయిలెట్ ట్యాంకు అనుకుని రెండుసార్లు మందు పోశాం.
– ఆస్టిన్, టెక్సాస్

జవాబు: అది వాడుక నీళ్ళ ట్యాంకు. పోపు నూనె, సాంబారు అడుగు, గంజి అన్నీ అందులో చేరి గోడలకు పట్టి పులుస్తాయి. గిన్నెలు ముందు కాగితంతో తుడిచి చెత్తలో వేయండి, ఆ తర్వాతే సింకులోకి. ఇప్పటికే ఉన్న కంపుకు, ఆ ట్యాంకులో మూడో వంతు వేడి నీళ్ళు, రెండు చెంచాల గిన్నెల సబ్బు పోసి, దారిలో కుదుపులకు కదలనిచ్చి డంప్ స్టేషన్‌లో (మురుగు ట్యాంకులు ఖాళీ చేసే చోట) వదలండి. అప్పటికీ పోకపోతే సింకు కింద గొట్టం పైన నిలబడి ఉండే చిన్న ప్లాస్టిక్ వెంట్ వాల్వ్ చూడండి. లోపలి రబ్బరు పాడైతే గాలి వెనక్కి వస్తుంది. చేత్తో తిప్పి విప్పొచ్చు, కొత్తది చవకే.

టాయిలెట్ ట్యాంకు వాల్వ్ మాత్రం క్యాంపుగ్రౌండ్ మురుగు గొట్టానికి హుకప్ (కనెక్షన్) ఉన్నా ఎప్పుడూ మూసే ఉంచండి. తెరిచి ఉంచితే నీళ్ళు పోయి గట్టిది కుప్పపడి గడ్డకడుతుంది. మూడింట రెండు వంతులు నిండాక ముందు అది, తర్వాత వాడుక నీళ్ళు వదలండి. ఆ సబ్బు నీళ్ళే మురికి గొట్టాన్ని కడిగేస్తాయి.

ప్రశ్న: ఇండియా నుంచి అత్తమామలు వస్తున్నారు. అక్టోబరులో స్మోకీ మౌంటెన్స్ దగ్గర క్యాంపింగ్. పెద్దవాళ్ళకు చలి. రాత్రి గ్యాస్ స్టవ్ సన్నగా పెట్టుకోవచ్చా?
– షార్లెట్, నార్త్ కరోలినా

జవాబు: వద్దు, ఒక్క రాత్రి కూడా వద్దు. మూసిన గదిలో స్టవ్ వదిలే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. బొగ్గుల కుంపటి మరీ ప్రమాదం, ఆరినట్టు కనిపించినా లోపలికి తేకండి. ట్రైలర్‌లో గది వెచ్చబరిచే ఫర్నేస్ పొగను బయటికే పంపుతుంది, అదే వాడండి. బయల్దేరే ముందు కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కి చూసి, వెనక ముద్రించిన గడువు తేదీ కూడా చదవండి. స్నానానికి పెద్దవాళ్ళ అలవాటే మేలు: షవర్ కింద బకెట్, చేతిలో మగ్గు. 6 గ్యాలన్ల హీటర్‌లో షవర్ పెడితే ఒక్కరికే నీళ్ళు అయిపోతాయి, బకెట్‌తో అయితే ఇద్దరి స్నానం అవుతుంది. కట్టెలు మాత్రం ఇంటి నుంచి తీసుకెళ్ళకండి, చెట్లను చంపే పురుగులు వాటితోనే ప్రయాణిస్తాయి. అక్కడే, వేడి చేసి శుద్ధి చేసినట్టు ముద్ర ఉన్న కట్టలు కొనండి.