ప్రజాధనంతో చేసిన పరిశోధనను చదవడానికి మళ్ళీ డబ్బు కట్టాలా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. వ్యవసాయ డిగ్రీ చదివి మిరప వేస్తున్నాను. నల్ల తామర పురుగు మీద ప్రభుత్వ నిధులతో జరిగిన ఒక పరిశోధన పత్రం కోసం వెతికితే సారాంశం మాత్రమే కనబడింది. మిగతాది చదవాలంటే 35 డాలర్లు కట్టమంది. ఇదేం న్యాయమండీ? అన్నీ ఉచితంగా పెట్టేస్తే ఎవరికి నష్టం?

జవాబు: మీరు కోప్పడటంలో తప్పు లేదు. శాస్త్రవేత్తకు జీతమూ ప్రయోగాలకు గ్రాంటూ ప్రభుత్వమే ఇస్తుంది. పత్రంలోని తప్పొప్పులు చూసిపెట్టే తోటి శాస్త్రవేత్తలు సాధారణంగా పైసా తీసుకోరు. దాన్ని అచ్చేసే పరిశోధన పత్రిక మాత్రం హక్కులు రాయించుకుని మళ్ళీ మనకే అమ్ముతుంది.

అయితే ‘ఉచితం’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. చదివేవారిని అడగని డబ్బును చాలా పత్రికలు రాసినవారి దగ్గర వసూలు చేస్తున్నాయి. పేరున్న సైన్సు పత్రిక ‘నేచర్’ 2020లో ప్రకటించిన రుసుము పత్రానికి 9,500 యూరోలు, అంటే సుమారు 9 లక్షల రూపాయలు. మన దగ్గర పరిశోధన మొదలుపెట్టిన విద్యార్థికి (జూనియర్ రీసెర్చ్ ఫెలో) నెలకు 37,000 రూపాయల చొప్పున రెండేళ్ళకు వచ్చేది దాదాపు అంతే. అన్ని పత్రికలూ అంత అడగవు, అసలేమీ అడగనివీ ఉన్నాయి. కానీ పత్రానికింత అని రాబడి వచ్చే చోట, పంపిందల్లా అచ్చేసే నకిలీ పత్రికలూ పుట్టుకొచ్చాయి. వాటిని నమ్మి మందు కొట్టిన రైతు నష్టం ఎవరి పద్దులోనూ పడదు.

2025 జనవరి 1న మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద కేంద్రం మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలను 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందుబాటులోకి తెచ్చింది. మారుమూల ప్రభుత్వ డిగ్రీ కాలేజీ విద్యార్థికి ఇది చిన్న మేలు కాదు. కాకపోతే పొలంలో ఉన్న మీరు ఆ లెక్కలోకి రారు. పైగా అది చందా, కట్టినన్నాళ్ళే తలుపు తెరిచి ఉంటుంది.

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న దారి వేరే ఉందని నా అభిప్రాయం. పత్రిక ఆమోదించిన తుది రాతప్రతిని ఎవరైనా ఉచితంగా చదువుకునేలా రచయితే తన సంస్థ డిజిటల్ భాండాగారంలో పెట్టడం. భారత వ్యవసాయ పరిశోధన మండలి 2013లోనూ, కేంద్ర బయోటెక్నాలజీ, శాస్త్ర సాంకేతిక విభాగాలు 2014లోనూ ఇలాంటి విధానాలనే ప్రకటించాయి. దీనికి కావలసింది సర్వరూ, దాన్ని చూసుకునే మనిషీ, అన్నిటికన్నా ముఖ్యంగా తర్వాతి గ్రాంటు ఇచ్చేముందు ‘పాత పత్రం పెట్టారా?’ అని అడిగే అధికారీ.

ఈలోగా వ్యవసాయ పరిశోధనల ఆన్‌లైన్ భాండాగారం ‘కృషికోశ్’లో వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు (థీసిస్‌లు) వెతకండి. సారాంశంతోపాటే చాలావరకు రచయిత ఈమెయిలు ఉంటుంది; పురుగు పేరు, మీ పంట వయసు రాసి ఒక ప్రతి పంపమని అడగండి, చాలామంది సంతోషంగా పంపుతారు.