సందేహాలు – సమాధానాలు: అతిథి ఎవరు, ఆతిథేయ ఎవరు?

సందేహం: మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. విండోస్ ఉన్న ల్యాప్‌టాప్‌లోనే, కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నడిపించే వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని, అందులో ఉబుంటు అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ నడుపుతున్నాడు. నోట్సు తెలుగులో రాసుకుంటూ, ఇంగ్లీషులో హోస్ట్ అనే విండోస్‌ని ‘ఆతిథ్య వ్యవస్థ’ అని, గెస్ట్ అనే ఉబుంటుని ‘అతిధి వ్యవస్థ’ అని రాశాడు. ఇవి సరైన మాటలేనా? వర్చువల్ మెషీన్‌ని, అంటే ఇలా లోపల నడిచే కంప్యూటర్‌ని, ‘మిథ్యా యంత్రం’ అనవచ్చా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: అమ్మా, ఇంజనీరింగ్ నోట్సు తెలుగులో రాసుకునే పిల్లవాడు ఉన్నాడంటే నాకు చాలా సంతోషం. ఆ ‘ధి’ని మాత్రం ఇవాళే దిద్దించండి. అది ‘అతిథి’. తప్పు మీవాడొక్కడిదే కాదు. విజయవాడ బందరు రోడ్డు మీద ఫ్లెక్సీల్లో ‘ముఖ్య అతిధి’ కనిపిస్తాడు, శుభలేఖల్లో ‘అథితి’ కనిపిస్తాడు. ఒత్తు ఎక్కడో ఒకచోట పడితే చాలనుకుంటున్నారు. అచ్చుకిచ్చే ముందు ఒక్కసారి నిఘంటువు తిప్పితే ఏం పోతుంది?

ఈ మాట పుట్టుక గురించి పెద్దలు రెండు దారులు చెప్పారు. తిథి లేనివాడు, అంటే ఫలానా రోజు వస్తానని చెప్పకుండా వచ్చేవాడు అన్నది అందరికీ తెలిసినదే. వైయాకరణుల దారి వేరు. ‘అత్’ అనే ధాతువుకు ఎడతెగకుండా తిరగడం అని అర్థం. దాని మీద ప్రత్యయం చేరి ‘అతిథి’ అయింది, అంటే తిరుగుతూ ఉండేవాడు. నా మొగ్గు ఈ రెండోదానికే. తిథి కథ చెవికి ఇంపుగా ఉంటుంది గానీ, మాట పుట్టిన తర్వాత అల్లుకున్నదని నాకు అనిపిస్తుంది. ఏ దారిన వెళ్లినా ధకారానికి చోటు లేదు.

ఇక ‘ఆతిథ్యం’ అంటే అతిథి కోసం చేసేది: కాళ్లకు నీళ్లు, భోజనం, పడక. చేసేవాడు ‘ఆతిథేయుడు’. పాణిని అష్టాధ్యాయి నాలుగో అధ్యాయం నాలుగో పాదంలో దీనికో సూత్రం చేశాడు. దారికి పనికొచ్చేది ‘పాథేయం’, అతిథి పట్ల మంచిగా మెలిగేవాడు ‘ఆతిథేయుడు’. రెండు మాటలూ ఆ ఒక్క సూత్రంలోవే. ఆ మంచితనం మాటలోనే ఉంది చూడండి! క్రికెట్ వార్తల్లో ‘ఆతిథ్య జట్టు’ అని రాసేవాళ్లు, పెట్టిన భోజనాన్నే పెట్టినవాడి పేరుగా రాస్తున్నారు. మీవాడికి ఆ అలవాటు అక్కడి నుంచే వచ్చి ఉంటుంది.

ఈ మాటలు యంత్రానికి అతుకుతాయా అంటే, నిక్షేపంగా అతుకుతాయి. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంటే, అందులోంచి 4 జీబీ ఉబుంటుకి ఇవ్వాలి. ఉబుంటు తన సొంత డిస్కు అనుకునేది నిజానికి విండోస్‌లో ఉన్న ఒక ఫైలు. స్క్రీన్ సైజు సరిగ్గా కుదరాలన్నా, ఫోల్డర్లు పంచుకోవాలన్నా వర్చువల్‌బాక్స్ వాళ్ల ‘గెస్ట్ అడిషన్స్’ అనే అదనపు సాఫ్ట్‌వేర్ ఉబుంటులో వేసుకోవాలి. ఇంత అమర్చిపెట్టే విండోస్‌ని ఆతిథేయ అనక ఇంకేమంటాం? తిథి కథ మాత్రం ఇక్కడ పనికిరాదు. మీవాడు బటన్ నొక్కితే గానీ ఉబుంటు లేవదు. నేను మెచ్చిన అర్థమే నప్పుతుంది: ఆ వర్చువల్ మెషీన్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి ఇంకో ల్యాప్‌టాప్‌లోకి తీసుకెళ్లవచ్చు, అక్కడ వేరే ఆతిథేయ దగ్గర అది నడుస్తుంది. తిరుగుతూ ఉండేదే కదా!

అచ్చతెలుగులోనే కావాలంటే ‘విందు’ ఉంది. ఇప్పుడు భోజనమే గుర్తొస్తుంది గానీ, ఆ మాటకు చుట్టం, అతిథి అనే అర్థాలూ ఉన్నాయి. తమిళంలో ‘విరుందు’కి భోజనం, అతిథి, కొత్తదనం అని మూడర్థాలు. కొత్తగా వచ్చినవాడి పేరు అతనికి పెట్టే భోజనానికి అంటుకుందని ఊహించవచ్చు. కానీ ‘విందు వ్యవస్థ’ అంటే ఈ రోజుల్లో భోజనాల ఏర్పాటనే అనుకుంటారు. కాబట్టి వాడమని చెప్పలేను.

‘మిథ్య’ వద్దు. మిథ్య అంటే అబద్ధం. 1972లో ఐబీఎం తన పెద్ద కంప్యూటర్లకు, వర్చువల్ మెషీన్లను నడిపే వీఎం/370 అనే సాఫ్ట్‌వేర్ తెచ్చిన నాటికే ఇలాంటి యంత్రాలు నిజమైన పని చేశాయి. ‘కల్పిత యంత్రం’ కొంత నయం. సౌకర్యం కల్పించడం అంటున్నాం కదా, ఆ అర్థం కూడా అందులో ఉంది.

రాతలో ‘ఆతిథేయ వ్యవస్థ’, ‘అతిథి వ్యవస్థ’ అని దిద్దుకోమనండి. ల్యాబ్‌లో హోస్ట్, గెస్ట్ అంటే నేను తప్పుపట్టను. ఆపరేటింగ్ సిస్టమ్‌కి ‘వ్యవస్థ’ ఒక్కటీ సరిపోతుందా, ‘నిర్వహణ వ్యవస్థ’ అనాలా అన్నది ఇప్పుడే తేల్చి చెప్పను. మీవాడిలా రోజూ రాసేవాళ్ల చేతిలో ఏది నలిగితే అదే నిలుస్తుంది.