మా బావగారి 42వ రోజు, నా కొత్త సంవత్సరం లక్ష్యాలు

అడిగిన ప్రశ్న ఇది: "ప్రతి జనవరి ఒకటికీ లక్ష్యాలు రాసుకుంటాను, ఫిబ్రవరి వచ్చేసరికి ఒక్కటీ మిగలదు. నిజంగా చేయగలిగే లక్ష్యాలు ఎలా పెట్టుకోవాలి? ఎవరికైనా సొంత అనుభవం ఉందా?"

చేతులెత్తేసిన అనుభవమైతే నాకు బోలెడు ఉంది. ముందు అది చెప్పి, తర్వాత మిగతాది చెబుతాను.

నాకు 46 ఏళ్లు. రాజమండ్రి తాడితోటలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో లెక్కలు రాస్తాను. ఏటా డిసెంబరు చివర్లో ట్రాన్స్‌పోర్టు వాళ్లో, మిల్లు ఏజెంట్లో డైరీలు తెచ్చి ఇస్తుంటారు. 2021 దసరాకి ముందు ఇంటికి రంగులు వేయిస్తుంటే అటక మీద నుంచి అలాంటివి నాలుగు కిందికి దిగాయి. 2016, 2018, 2019, 2021. నాలుగింటిలోనూ జనవరి 1 పేజీ కిక్కిరిసి ఉంది. రెండో తేదీన నాలుగు లైన్లు. సంక్రాంతి దాటాక అన్నీ తెల్లకాగితాలే. 2018 డైరీలో మటుకు మధ్యలో ఒకచోట మా పాప గీసిన ఏనుగు ఉంది.

నాలుగు డైరీల్లోనూ రాసింది ఒకటే. పొద్దున్న ఐదింటికి లేవాలి. తీపి మానెయ్యాలి. ఏడాదిలో లక్ష రూపాయలు దాచాలి. ఇంగ్లిష్ మాట్లాడటం నేర్చుకోవాలి. బరువు 72 కిలోలకి రావాలి. 2016లో "76 నుంచి 72" అని రాశాను. 2018లో "78 నుంచి 72". 2021లో "83 నుంచి 72". చేరాల్సిన ఊరు అదే, బయల్దేరే ఊరే ఏటికేడాది వెనక్కి జరిగిపోయింది. మా ఆవిడ ఆ పేజీలు నాలుగూ పక్కపక్కన పెట్టి చూసి, "దీనికి కొత్త డైరీ ఎందుకండీ, జిరాక్స్ తీయిస్తే సరిపోయేది కదా" అంది.

2019లో జిమ్ముకి ఏడాది ఫీజు 9,000 ఒకేసారి కట్టాను. డబ్బు కట్టాం కాబట్టి చచ్చినట్టు వెళ్తాం అనుకున్నాను. 13 రోజులు వెళ్లాను. లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి ఆ లెక్కా వేశాను, రోజుకి దాదాపు 700 పడింది.

ఇక మా బావగారి సంగతి. మా అక్క భర్త. ధవళేశ్వరంలో ఉంటారు. రోజుకో పెట్టె సిగరెట్లు. డాక్టరు చెప్పాడు, అక్క ఏడ్చింది, పిల్లలు బతిమాలారు, మానలేదు. అదే మనిషి అయ్యప్ప మాల వేస్తే 41 రోజులు ఒక్క సిగరెట్టు ముట్టరు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చన్నీళ్ల స్నానం, కటిక నేల మీద చాప, ఒంటిపూట భిక్ష. ఇవన్నీ సణుగుడు లేకుండా చేస్తారు. నేను నాలుగు డైరీల్లో రాసుకుని ఐదు రోజులు కూడా చేయలేనివన్నీ ఆయన ఏటా చేసి చూపిస్తున్నారు!

2022 జనవరిలో మాల తీసిన రోజు సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. వీధి చివర కిళ్లీకొట్టు దగ్గర నిలబడి వెలిగించుకుంటున్నారు. ఉండబట్టలేక అడిగేశాను.

"అదేంటి బావగారూ, 41 రోజులు మానగలిగిన వాళ్లు 42వ రోజు మానలేరా?"

ఆయన పొగ పక్కకి వదిలి, "ఒరేయ్, 41 రోజులు ముట్టనని స్వామికి మాటిచ్చాను. 42వ రోజు గురించి నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు కదా" అన్నారు.

అప్పటికి నవ్వేశాను. బండి మీద ఇంటికొస్తుంటే ఆ మాట వదల్లేదు. ఆయనకి ఒక ముగింపు తేదీ ఉంది. నా లక్ష్యానికి లేదు, "ఇకనుంచీ" అని రాసుకుంటాను. ఆయనకి ఏం చేయాలో, ఏం చేయకూడదో స్పష్టంగా ఉంది. "మంచివాడిగా మారాలి" అని ఎవరూ చెప్పరు, "చెప్పులు వేసుకోకు, చన్నీళ్లు పోసుకో" అంటారు. ఇంకొకటి నల్ల బట్టలు. అవి ఒంటి మీద ఉన్నంతకాలం కూరల బండి దగ్గరి కుర్రాడి నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరూ "స్వామీ" అంటారు, సిగరెట్టు ఇవ్వబోయేవాడే ఉండడు. నా ప్రతిజ్ఞ మాత్రం డైరీలో మడిచి పెట్టుకున్నాను. నేను తప్పినా తెలిసేది నాకూ ఆ డైరీకే.

దీక్షకీ డైరీకీ పోలికేమిటని కొందరికి కోపం రావచ్చు. దైవభక్తి బలం వేరు, ఒప్పుకుంటాను. నేను చెప్పేది దాని కట్టుబాటు గురించి మాత్రమే.

ఆ రాత్రే తేదీ మార్చాను. ఆలోచిస్తే జనవరి 1 నాకు పనికొచ్చే తేదీయే కాదు. బట్టల కొట్టుకి డిసెంబరు రెండో వారం నుంచి భోగి దాకా ఊపిరాడదు. చుట్టుపక్కల ఊళ్ల చిల్లర కొట్ల వాళ్లంతా పండగ సరుకు కోసం మా మీదే పడతారు. అలాంటి రోజుల్లో పొద్దున్న ఐదింటికి లేస్తానని రాసుకోవడం ఎంత అమాయకత్వం! పైగా రెండు వారాల్లో సంక్రాంతి, అత్తారింట్లో అరిసెలు. తీపి మానేశానని అత్తగారి ముందు చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. అందుకని ముక్కనుమ కూడా అయ్యాక, జనవరి 18న మొదలుపెట్టాను. అప్పట్నుంచీ నాకు కొత్త సంవత్సరం అదే. (అసలు మా లెక్కల వాళ్లకి సంవత్సరం మొదలయ్యేది ఏప్రిల్ 1న. మీకు పిల్లల చదువులున్నాయా, జూన్ పెట్టుకోండి. ఉగాది పెట్టుకున్నా ఎవరూ కాదనరు. మీ పనిలో ఊపిరి తీసుకునే సందు ఎప్పుడుందో అదే మీ జనవరి 1.)

లక్ష్యం ఒక్కటే పెట్టుకున్నాను. 41 రోజులు, రోజుకి 20 నిమిషాల నడక. మార్కండేయస్వామి గుడి దగ్గర బండి పెట్టి, గోదావరి గట్టు మీద పది నిమిషాలు అటు, పది నిమిషాలు ఇటు. అంతే. బరువు ఊసే రాయలేదు. బరువు నా చేతిలో లేదు, నడవడం నా చేతిలో ఉంది. అంతకుముందు ఫోన్లో రోజుకి పది వేల అడుగులు అని పెట్టుకుని, ఆరు వేల దగ్గర ఆగిపోయి, రోజూ ఓడిపోయినట్టే ఉండేది. ఆ పది వేల లెక్క 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరు నుంచి పాకిందని తర్వాత చదివాను. ఆ పేరుకి అర్థమే "పది వేల అడుగుల మీటరు" అట. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మాదిరి వ్యాయామం. రోజుకి ఇరవై చొప్పున ఏడు రోజులు చేస్తే 140. పది నిమిషాలు తక్కువ, పర్లేదనుకున్నాను.

ఇరవయ్యే ఎందుకంటే, దసరా ముందు రోజుని లెక్కలోకి తీసుకున్నాను. ఆ రోజు కొట్టు కట్టేసి ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండవుతుంది. మర్నాడు పొద్దున్న కళ్లు తెరుచుకోవు. అలాంటి రోజున కూడా చేయగలిగినదెంతో అంతే పెట్టుకోవాలి. మనం డిసెంబరు 31 రాత్రి మంచి ఉషారులో ఉన్నప్పుడు లక్ష్యాలు రాస్తాం. వాటిని చేయాల్సిన మనిషేమో ఫిబ్రవరిలో జలుబుతో, అప్పు వాయిదాతో, నిద్ర చాలక ఉంటాడు. ఆ మనిషిని అడక్కుండా అతని తరఫున మాటిచ్చేస్తాం.

నల్ల బట్టలకి బదులు ఏం చేయాలా అనుకుంటే మా పాప దారి చూపించింది. మా వంటింట్లో తెలుగు కాలెండరు ఉంటుంది, పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ, పనమ్మాయి రాని రోజులు అన్నీ దాని మీదే. నడిచిన రోజున ఎర్ర స్కెచ్ పెన్నుతో అందులోనే చుక్క పెడతానంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ మంచినీళ్లు తాగుతూ "ఈ చుక్కలేంటి?" అని అడగడం, వాళ్లకి మా పాప విడమరిచి చెప్పడం. మా అత్తగారి దాకా వెళ్లింది కబురు. ఇక తప్పించుకునే దారి లేదు.

ఫిబ్రవరిలో కాకినాడలో పెళ్లికి వెళ్లి మూడు రోజులు పోయాయి. పాత నేనైతే అక్కడితో సరి, "ఎలాగూ తప్పింది కదా, ఇక వచ్చే ఏడాది చూద్దాం" అనుకునేవాణ్ణి. ఈ జబ్బు మనలో చాలామందికి ఉంటుంది, ఒక అరిసె తిన్నాం కాబట్టి డబ్బా ఖాళీ చేసేద్దాం అనే రకం. ఆ మూడు గళ్లూ ఖాళీగా ఉంచి, చివర్లో మూడు రోజులు కలుపుకున్నాను. తర్వాత ఎప్పుడో లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ల పరిశోధన గురించి చదివాను. 96 మందితో చేశారట. ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు చాలితే, కొందరికి 254 దాకా పడుతుందని తేలింది. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద తేడా ఏమీ రాలేదట. "21 రోజుల్లో అలవాటు" అని ఫోన్లో వచ్చే మాటలు అప్పట్నుంచీ పట్టించుకోవడం మానేశాను.

నిజానికి 41 రోజులకి నాకు అలవాటు కాలేదు. చివరి రోజున కూడా అలారం మోగితే తిట్టుకుంటూనే లేచాను. కాకపోతే 41 పూర్తయిన రోజున, మా బావగారు ఎక్కడ జారారో గుర్తుపెట్టుకుని, 42వ రోజు గురించి ముందే మాట్లాడుకున్నాను. వారం రోజులు సెలవు, మళ్లీ ఫలానా తేదీ నుంచి ఇంకో 41. ఆ తేదీని కూడా పాప చేత కాలెండరు మీద రాయించాను. అలా ఆ ఏడాది ఐదు విడతలు చేశాను. శ్రావణమాసం, దసరా సీజన్లలో అసలు పెట్టుకోలేదు.

ఫలితం అడుగుతారేమో. ఏడాది చివరికి 83 కాస్తా 80 అయింది. 72 కాలేదు, ఇప్పటికీ కాలేదు. షుగరు మూడు నెలల సగటు పరీక్షలో 6.2 ఉండేది 5.9కి వచ్చింది. 6.2 అన్నా 5.9 అన్నా మధుమేహానికి ముందు దశే, కానీ నెంబరు వెనక్కి తిరగడం నా జన్మలో అదే మొదలు.

డబ్బు విషయం త్వరగా చెప్పేస్తాను. ఏడాదికి లక్ష అంటే నెలకి 8,333. అప్పుడు నా జీతం 24,000. ఇంటద్దె, ఫీజులు పోను అంత మిగలదని లెక్కలు రాసేవాడికి తెలియదా? తెలుసు, అయినా నాలుగు డైరీల్లో రాశాను. 2022 ఫిబ్రవరిలో పోస్టాఫీసులో నెలకి 1,500 చొప్పున రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టాను. ఐదేళ్లకి కట్టేది 90,000, వడ్డీతో కలిపితే లక్ష దాటుతుంది. ఒక్క ఏడాదిలో అనుకున్నది ఐదేళ్లకి వస్తోంది. సిగ్గుపడాలో సంతోషపడాలో తెలియదు గానీ, అంతకుముందు ఐదేళ్లలో వచ్చింది సున్నా.

ఇంగ్లిష్ మాత్రం ఇలా కూడా కుదరలేదు. యాప్ వేసుకుని 41 రోజులు అనుకున్నాను, 11కే ఆగిపోయింది. మా ఓనరు గారబ్బాయి బెంగళూరు పార్టీలతో గడగడా మాట్లాడుతుంటే చూసి పెట్టుకున్న కోరిక అది. నా పని తెలుగులోనూ, అంకెల్లోనూ జరిగిపోతోంది. జాబితాలోంచి కొట్టేశాను, కొట్టేసినందుకు ఇప్పటిదాకా బాధ కలగలేదు. మీ జాబితాలో కూడా పక్కవాణ్ణి చూసి రాసుకున్నది ఒకటైనా ఉంటుంది. ముందు దాన్ని వెతికి తీసేయండి, మిగతా వాటికి చోటు దొరుకుతుంది.

మీరు ఈ జనవరి 1న ఏం చేయాలంటారా? నన్నడిగితే కేకు తిని పడుకోండి. ఆ వారంలో మీ రోజు ఎలా గడుస్తోందో చూసుకోండి, ఎన్నింటికి లేస్తున్నారు, ఎన్నింటికి ఇల్లు చేరుతున్నారు, ఫోను ఎంతసేపు చూస్తున్నారు. తర్వాత మీకు వీలైన తేదీ నుంచి ఒక్క పని, 41 రోజులు. ఇంట్లో నలుగురికీ కనపడేచోట గుర్తు పెట్టండి. టెన్షన్ పడేంత పెద్ద పని అనిపిస్తే సగానికి కోసేయండి.

మా బావగారు ఈ ఏడాది కూడా మాల వేశారు. మధ్యలో రెండేళ్లు రోజుకి మూడు సిగరెట్లకి తగ్గించి, పోయినేడు మళ్లీ పెట్టె దాకా వచ్చేశారు. మొన్న భిక్షకి పిలిస్తే వెళ్లాను. అరిటాకు ముందు కూర్చున్నాక, అక్క వినకుండా మెల్లగా అన్నారు: "ఈసారి 42వ రోజు పొద్దున్నే నాకు ఫోన్ చెయ్యి. ఎత్తకపోతే ఇంటికొచ్చెయ్." తేదీ మా వంటింటి కాలెండరు మీద రాసిపెట్టాను, స్కెచ్ పెన్నుతోనే.