అమ్మాయి పోలీసు చదువంటోంది, మావాళ్లకి ఏం చెప్పాలి?

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటాం. మా అమ్మాయి ట్వెల్త్ గ్రేడ్, మార్కులు బాగానే వస్తాయి. కానీ దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో చేరి క్రిమినల్ జస్టిస్ చదువుతానంటోంది. మేము యూనివర్సిటీలో సైబర్ సెక్యూరిటీ చేయమంటున్నాం. రెంటిలో ఏది నయం? విజయవాడలో మావాళ్లకి కమ్యూనిటీ కాలేజీ అని ఎలా చెప్పుకోవాలి?

జవాబు: మీ మెయిల్ పొడుగ్గా ఉంటే కుదించాను. అందులో 'మావాళ్లు' నాలుగుసార్లు వచ్చారు. అమ్మాయి ఆ చదువు ఎందుకు కావాలంటోందో ఒక్కసారీ రాలేదు. అసలు అడిగారా?

ముందు పరువు సంగతి చూద్దాం. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో, అంటే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీల్లో, స్థానికులకు ఫీజు యూనిట్‌కి (చదువుని కొలిచే క్రెడిట్‌కి) 46 డాలర్లు. రెండేళ్లకి 60 యూనిట్లంటే 2,760, పుస్తకాలు వేరే. క్రిమినల్ జస్టిస్‌ని అక్కడ ఎక్కువగా 'అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ జస్టిస్' అంటారు. అందులో ట్రాన్స్‌ఫర్ డిగ్రీ (యూనివర్సిటీకి మారేందుకు పనికొచ్చే రెండేళ్ల డిగ్రీ) పూర్తిచేస్తే కాల్‌స్టేట్, అంటే కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ, క్యాంపస్‌లలో ఏదో ఒకదాంట్లో సీటు ఖాయం, కోరిన క్యాంపస్సే అని మాత్రం కాదు. చివరికి పట్టా మీద ఉండేది యూనివర్సిటీ పేరే. మీవాళ్లకి అదే చెప్పండి. ఒక్క జాగ్రత్త: డిగ్రీ పేరు 'ఏఎస్-టీ' (అసోసియేట్ ఇన్ సైన్స్ ఫర్ ట్రాన్స్‌ఫర్) అని ఉండాలి. ఆ చివరి 'టీ' చూసుకోక, కొన్ని యూనిట్లు ఎక్కడా అతకక ఒక సెమిస్టర్ పోగొట్టుకున్న పిల్లని చూశాను.

ఇక సైబర్ సెక్యూరిటీ. పోల్చి చెప్పమన్నారు గానీ, నాకు దానిమీద అనుమానాలే ఎక్కువ. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు తగ్గాయనగానే అందరూ పక్క గేటుకి పరిగెడుతున్నారు. ఇల్లు మాత్రం అదే. ఒక కంపెనీ నెట్‌వర్క్ ఎలా నడుస్తుందో చేత్తో చేసి చూడనివాళ్లకి దానికి కాపలా కాసే పని ఎవరిస్తారు? అందుకే మొదటి ఉద్యోగానికే అనుభవం అడుగుతారు. హెల్ప్‌డెస్క్‌లో కూర్చుని పాస్‌వర్డులు రీసెట్ చేస్తూ ఎదిగినవాళ్లు నాకు చాలామంది తెలుసు. రక్షణ శాఖ కాంట్రాక్టుల్లో అయితే క్లియరెన్సు (రహస్య సమాచారం చూసేందుకు ప్రభుత్వం ఇచ్చే అనుమతి) కావాలి, దానికి పౌరసత్వం కావాలి. ఇష్టపడి వెళ్లేవాళ్లకి మంచి దారే. నాన్న తోస్తే వెళ్లేవాళ్లకి కాదు.

అలాగని అమ్మాయి ఎంపికను నెత్తిన పెట్టుకోను. టీవీ సీరియల్ చూసి ఫోరెన్సిక్ ల్యాబ్ ఊహించుకుంటోందేమో కనుక్కోండి. ల్యాబ్‌కి కెమిస్ట్రీ, బయాలజీ లాంటి సైన్సు డిగ్రీ ఉండాలి. లాయరయ్యేందుకు ఏ డిగ్రీ అయినా సరే. పోలీసు ఆఫీసరుకి ఈ పట్టా కంటే అకాడమీ, బ్యాక్‌గ్రౌండ్ చెక్ ముఖ్యం. పైగా 21 నిండాలి. రేపే తుపాకీ కట్టుకుని నైట్ డ్యూటీకి పోదు, వాళ్లమ్మని నిద్రపొమ్మనండి. ఈలోగా స్టాటిస్టిక్స్, స్పానిష్ తీసుకోమనండి. ప్రొబేషన్ ఆఫీసు, కోర్టు, క్రైమ్ అనాలిసిస్ ఎటు వెళ్లినా అక్కరకొస్తాయి. మనసు మారితే యూనిట్లలో చాలావరకు జనరల్ సబ్జెక్టులే కాబట్టి మునిగేది తక్కువ.

నన్ను భయపెట్టేది మీరు రాయని సంగతి. అమ్మాయి ఇక్కడ పుట్టిందా, హెచ్-4 (హెచ్-1బీ లాంటి ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉందా? హెచ్-4 అయితే చదువుకోవచ్చు గానీ ఉద్యోగం కుదరదు, 21 నిండితే ఆ వీసా కూడా ఉండదు. కాలిఫోర్నియాలో 2023 నుంచి పోలీసు ఉద్యోగానికి పౌరసత్వం అక్కర్లేదు, పనిచేసే అనుమతి మాత్రం ఉండాలి. ఎఫ్‌బీఐ అయితే పౌరసత్వం తప్పదు. విజయవాడకి ఫోన్ చేసేముందు ఈ విషయం ఆమెతో కూర్చుని మాట్లాడండి.

స్టేటస్ ఏమిటో నాకు రాయండి. ఈసారి మెయిల్ అమ్మాయి చేతే రాయించండి.