తోట బేరానికి పాత చీటీలు

ప్రశ్న: మాది ఆరెకరాల బత్తాయి తోట. ఏటా ఒకే వ్యాపారి వచ్చి టన్ను లెక్కన బేరం చేసి బయానా ఇస్తాడు. తీరా కోత మొదలయ్యాక 'మార్కెట్ పడిపోయింది' అని తరుగు (తూకంలోంచి తీసేసే భాగం) పెంచుతాడు. నాలుగేళ్ల కాంటా చీటీలు డబ్బాలో దాచాను. ఈసారి బేరానికి అవి పనికొస్తాయా, పారేయమంటారా?
– ఓ రైతు, నాంపల్లి మండలం, నల్లగొండ జిల్లా

జవాబు: పారేయకండి! ఆ వ్యాపారి దగ్గరా ఒక నోట్‌బుక్ ఉంటుంది, మీ తోట ఎప్పుడెంత కాసిందో, మీరు ఎంత దగ్గర మెత్తబడ్డారో అతనికి అందులో లెక్కే. మీరేమో వట్టి చేతులతో కూర్చుంటున్నారు.

ఒక్కో కోతకు ఒక్కో పేజీ పెట్టండి. అనుకున్న రేటు, కోసిన తేదీ, కాంటా తూకం, తీసిన తరుగు, చేతికొచ్చిన డబ్బు, అది ఎన్ని రోజులకొచ్చింది, అంతే. ఇప్పుడు డబ్బును అసలు తూకంతో భాగించండి. టన్ను 20 వేలన్నాడు, నూటికి పది తరుగు తీశాడనుకోండి, మీకు పడింది 18 వేలే. 19 వేలే ఇస్తానని నూటికి మూడే తరుగు తీసేవాడు 18,430 ఇస్తున్నట్టు. రేటు దగ్గర గంట కొట్లాడి తరుగు దగ్గర ఊరుకుంటాం, మనవాళ్లందరిదీ ఇదే కథ.

తర్వాత కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ వెబ్‌సైట్ తెరిచి, మీ కోత తేదీల్లో బత్తాయి మార్కెట్ ధర ఎంతుందో పక్కన రాయండి, ఫోన్‌లో మీ పిల్లలు చూసిపెడతారు. అక్కడ కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ అని మూడు ధరలుంటాయి, గరిష్ఠం చూసి ఆశపడకండి, ఎక్కువ సరుకు పోయింది మోడల్ ధరకే. ఎండాకాలం కాయను వానాకాలం కాయతో పోల్చకండి. మార్కెట్ ధర మీ తోట దగ్గర రాదు, కూలీ, లారీ కిరాయి, కమీషన్ అతను పెట్టుకుంటాడు కదా, కాబట్టి తేడా ఉండడం తప్పు కాదు. ఆ తేడా ఏటేటా ఎంత పెరిగిందో చూడండి. రెండేళ్లు టన్నుకు నాలుగు వేలుండి మూడో ఏడు ఏడు వేలైతే, కిరాయి అంత పెరిగిందా అని అడగడానికి మీకు హక్కుంది. 'పడిపోయింది' అన్న వారం నిజంగానే పడి ఉంటే మాత్రం ఒప్పుకోండి, లేకపోతే మీ మిగతా లెక్కను కూడా అతను నమ్మడు.

పాత ధర ఈ ఏటి ధర చెప్పదు. అందుకే రేటుకన్నా షరతుల మీద గట్టిగా ఉండండి. తరుగు ఇంతకు మించదు, కోత ఫలానా తేదీలోపు, డబ్బు కాంటా అయిన ఇన్ని రోజులకు అని రాయించి సంతకం పెట్టించండి. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటిమాట ఒప్పందమూ చెల్లుతుంది కానీ, అన్నాడని రేపు రుజువు చేయడమే కష్టం. ఇంకొక వ్యాపారిని కూడా ముందే పిలిచి తోట చూపించండి, ఒక్కడితోనే బేరమంటే ఎంత లెక్క ఉన్నా అతని మాటే నెగ్గుతుంది.

అసలు చీటీలు మాత్రం అతని చేతికివ్వకండి, జిరాక్సులు చాలు.