ఆరు పండ్ల ఎద్దు: పండ్లా, పళ్ళా?

సందేహం: మాది ఎమ్మిగనూరు దగ్గర పల్లె. ఉద్యోగం కోసం విజయవాడలో ఉంటున్నాను. మా నాయన ఈ ఏడు ఎద్దుల జత అమ్మాలనుకొని, వాట్సాప్‌లో పెట్టడానికి నన్ను నాలుగు ముక్కలు రాయమన్నాడు. "నాలుగు పండ్ల కాడి ఎద్దులు అమ్మబడును. ఒకటి ఆరు పండ్లకు వస్తున్నది" అని రాసినాను (మా వైపు ఎద్దు వయసును పండ్ల లెక్కలో చెప్తారు). పక్క సీటు మిత్రుడు చూసి, "పండ్లంటే మామిడి, అరటి. నోట్లో ఉండేవి పళ్ళు. ఆ మాత్రం తెలీదా?" అన్నాడు. మా ఊరంతా తప్పే మాట్లాడుతోందా? ఇంకొకటి, పేపర్లో "పశువుల సంత వేలం" అని చూసినాను. మా దగ్గర ఎద్దులను బేరం చేసి అమ్ముతారు గానీ వేలం వెయ్యరు. ఆ వాడుక సరైనదేనా?

సమాధానం: మీ ఊరు తప్పు మాట్లాడటం లేదు. మీరు రాసినదాంట్లో "పండ్లు" సరిగ్గానే ఉంది. దిద్దాల్సింది "అమ్మబడును" అన్న మాటను. దాని సంగతి చివర్లో చెప్తాను.

"పన్ను"కు బహువచనం పండ్లు. కన్ను కండ్లు, ఇల్లు ఇండ్లు, ముల్లు ముండ్లు అయినట్టే పన్ను పండ్లు అయింది. ఈ "ండ్లు" కోస్తా వైపు నోళ్లలో నలిగి "ళ్ళు" అయింది. కండ్లు కళ్ళయ్యాయి, ఇండ్లు ఇళ్ళయ్యాయి, బండ్లు బళ్ళయ్యాయి, ఏండ్లు ఏళ్ళయ్యాయి. సీమలో, తెలంగాణలో ముందటి రూపమే నిలిచింది. అంటే మీ నాయన అనేది పాత రూపం, మీ మిత్రుడు అనేది దాని తర్వాత వచ్చిన రూపం. రెండూ తెలుగే. తర్వాత వచ్చింది ముందున్నదాన్ని తప్పు అనడం మాత్రం న్యాయం కాదు.

మరి మామిడిపండ్లు? "పండు"కూ బహువచనం పండ్లే. కోస్తాలో అదీ పళ్ళే అయింది. మీరుండే విజయవాడలోనే "పళ్ళరసం" అని బోర్డు రాసి ఉన్న బండి దగ్గర ఆగి చూడండి. అక్కడ గ్లాసులో పోసి ఇచ్చేది బత్తాయి రసం. కాబట్టి మీ మిత్రుడి మాటలో కూడా ఈ రెండూ ఎప్పుడో కలిసిపోయాయి. నోట్లోవి పళ్ళు, బుట్టలోవి పండ్లు అనే విభజన రాతలో సౌకర్యం కోసం అలవాటైంది. పత్రికలు చాలావరకు అలాగే రాస్తున్నాయి, నాకూ అభ్యంతరం లేదు. అయితే అది సౌకర్యమే, వ్యాకరణం కాదు. పండ్లపొడి అంటే ఎండబెట్టి దంచిన జామపండ్ల పొడి అని ఎవరూ అనుకోరు. "పండ్లు రాలగొడతా" అని ఒకడు మీదికొస్తే చెట్టు వైపు చూసేవాడూ లేడు.

అసలు తేడా తెలుసుకోవాలంటే ఏకవచనం దగ్గరికి పోవాలి. నోట్లోది పన్ను, చెట్టుది పండు. పంచాయతీకి కట్టేదీ పన్నే, కానీ దాని బహువచనం పన్నులు. ఈ మూడింటికీ పక్కన ఇంకో మాట చేర్చితే ఇంకా తేటగా విడిపోతాయి: పంటి నొప్పి, పండు రసం, పన్ను బకాయి. కన్ను కంటి అయినట్టు, ఇల్లు ఇంటి అయినట్టు నోట్లోని పన్ను ఒక్కటే పంటి అవుతుంది. మిగతా రెండూ మారవు. బడికి పోని మనిషి కూడా "పన్ను నొప్పి" అనో "పంటి నొప్పి" అనో అంటాడు గానీ "పంటి బకాయి" అని పొరపాటున కూడా అనడు. భాష వ్యాకరణ పుస్తకంలో కన్నా ముందు నాలుక మీద ఉంటుందని నేను నమ్మేది ఇలాంటివి చూసే.

మీ ఊరు కన్నడ సీమకు దగ్గర కాబట్టి ఇంకో సాక్ష్యం మీకు సంతలోనే దొరుకుతుంది. కన్నడం మాట్లాడే రైతు ఎద్దు వయసు చెప్తూ "ఆరు హల్లు" అంటాడు. అతనే పండును "హణ్ణు" అంటాడు. మన పాలు వాళ్లకు హాలు, మన పులి వాళ్లకు హులి. అలాగే మన పల్లు వాళ్లకు హల్లు. అవును, తెలుగులోనూ "పల్లు" ఉంది. పలువరుస, పలుదోముపుల్ల అనే మాటల్లో ఉన్నది అదే. పన్ను, పండు పుట్టుకలోనే వేర్వేరు మాటలు. కన్నడంలో అవి ఇప్పటికీ దూరంగానే ఉన్నాయి, తెలుగులో బహువచనం దగ్గర మాత్రం ఒకే రూపంలోకి వచ్చి చేరాయి.

ఇక ఎద్దు పండ్ల దగ్గరికి. చిన్నప్పుడు మా చిన్నాయనతో ఎమ్మిగనూరు జాతరకు పోయాను. సంక్రాంతి దాటిన చలి. నీలకంఠేశ్వరస్వామి జాతర అంటే ఎద్దుల జాతర కూడా. ఒక కోడె ముందు చిన్నాయన ఆగాడు. ధర అడగలేదు. ఎడమ చేతి రెండు వేళ్లు ముక్కురంధ్రాల్లో పెట్టి తల పైకెత్తాడు, కుడి బొటనవేలితో కింది పెదవి కిందికి లాగాడు. చిగురు మీద మధ్యలో నాలుగు వెడల్పాటి పండ్లు, వాటికి అటూ ఇటూ బియ్యపుగింజల్లాంటి చిన్నవి. "నాలుగేసింది" అన్నాడు. అంతే, అప్పుడు మొదలైంది మాట.

పశువుకు ముందటి పండ్లు కింది దవడకే ఉంటాయి, ఎనిమిది. పైన గట్టి చిగురు మాత్రమే. దూడప్పుడు ఉండేవి పాలపండ్లు. రెండున్నర, మూడేండ్లకు మధ్యలో ఒక జత ఊడి పెద్దవి రెండు వస్తాయి. అది రెండు పండ్ల కోడె. తర్వాత అరేడాదికో ఏడాదికో ఒక జత చొప్పున నాలుగు, ఆరు, చివరికి నాలుగున్నర, ఐదేండ్లకు ఎనిమిది. జాతిని బట్టి, మేపును బట్టి కొంత ముందూ వెనకా అవుతుంది. ఎనిమిదీ వచ్చాక లెక్కతో పనిలేదు, అరుగుదల చూసి వయసు కట్టాలి. కాబట్టి "ఆరు పండ్ల ఎద్దు" అన్నది ఎద్దుకు మొత్తం ఆరే పండ్లున్నాయని చెప్పే మాట కాదు. పాలపండ్లు పోయి ఆరు పక్కా పండ్లు వచ్చాయని, అంటే దాదాపు నాలుగేండ్ల వయసని చెప్పే మాట. పుట్టిన తేదీ రాసిపెట్టని చోట ఇదే ఆధార్ కార్డు. మీ ప్రకటనలో "ఒకటి ఆరు పండ్లకు వస్తున్నది" అని రాశారు చూడండి, దాన్ని ఇంతకన్నా పొట్టిగా, ఇంతకన్నా నిఖార్సుగా చెప్పే మాట నాకు తోచలేదు.

కర్నూలు, కడప వైపు ఊళ్లలో బండలాగుడు పోటీల పోస్టర్లు చూసే ఉంటారు. పాలపండ్ల విభాగం, రెండు పండ్ల విభాగం, నాలుగు పండ్లు, ఆరు పండ్లు, సీనియర్లు. వాటిల్లో "పండ్ల" అని ఉండటం అచ్చుతప్పు కాదు. (నల్లమల అంచు ఊళ్లలో పాలపండ్లంటే అడవిలో దొరికే తియ్యటి చిన్న పండ్లు కూడా. అక్కడి పిల్లలు ఏ మాట ఎక్కడిదో ఏ తికమకా లేకుండా తెలుసుకుంటారు.) దానమిచ్చిన ఆవు పండ్లు ఎంచరాదు అనే సామెత కూడా ఈ నోరు చూసే అలవాటులోంచి వచ్చిందే.

రెండో సందేహం. మీరు పట్టుకున్నది మంచి తేడా. సంతలో ఎద్దు అమ్ముడుపోయేది బేరంలో. మధ్యలో దళారి ఉంటాడు, టవలు కింద చెయ్యి చెయ్యి కలుస్తుంది, ఎన్ని వేళ్లు పట్టుకున్నాడో ఆ ఇద్దరికే తెలుస్తుంది. పక్కన నిలబడినవాడికి కనబడేది టవలు కదలడమే. వేలం దీనికి పూర్తిగా ఎదురు. అందులో ధర నలుగురి ముందు గట్టిగా అరిచి చెప్పాలి. అందుకే దాన్ని "పాట" అన్నారు. వేలంపాట, పాటదారు, "ఎక్కువకు పాడినాడు" అన్నవన్నీ ఆ గొంతెత్తడంలోంచి వచ్చినవే. వేలం మాట పోర్చుగీసు "లెయిలావ్" నుంచి వచ్చిందని భాషావేత్తలు చెప్తారు. తమిళంలో ఏలం, హిందీలో నీలామ్, మరాఠీలో లిలావ్ దాని తోబుట్టువులు. వేలకు వేలు పాడతారు కాబట్టి వేలం అయిందని కొందరంటారు, అది సరికాదు. కన్నడంలో దీన్ని హరాజు అంటారు. మన వైపు పెద్దలు "హర్రాజు" అనడం మీరు వినే ఉంటారు, అది ఉర్దూ మీదుగా వచ్చిన అరబ్బీ మాట.

అయితే పేపరువాళ్లు రాసింది తప్పు కాదు, అర్థమే సగంలో ఆగింది. ఆ రోజు వేలం వేసింది పశువులను కాదు, సంతకు వచ్చే పశువుల మీద ఆశీలు, అంటే సంత రుసుము, వసూలు చేసుకునే హక్కును. ఏడాదికి ఎవరు ఎక్కువ పాడితే వాళ్లు గేటు దగ్గర రసీదు పుస్తకంతో కూర్చుంటారు. "సంత ఆశీళ్ల వేలం" అని రాస్తే మీలాంటి వాళ్లకు ఈ అనుమానం రాదు. నేనైతే అలాగే రాయమంటాను. ఇక "పశువుల వేలం" అని నేరుగా అనదగిన సందర్భాలూ ఉన్నాయి. పరుల చేలో పడితే పట్టి బందెలదొడ్డిలో కట్టేసిన పశువు కోసం యజమాని రాకపోతే నోటీసిచ్చి, గడువు దాటాక వేలం వేయాలని 1871 నాటి పశువుల చట్టంలోనే ఉంది. గుడికి మొక్కుగా వదిలిన కోడెలను వేలం వేసినా అదే మాట. వాటికి బేరమాడే సొంతదారు ఎదురుగా ఉండడు, అందుకే పాట.

బేరం మాటల్లో నాకు చాలా ఇష్టమైనది ఒకటుంది, దాన్ని మీ నాయన తప్పకుండా అంటాడు: "ఎంతకు తెగింది?" తాడు తెగితే పోయినట్టు, సంబంధం తెగితే విడిపోయినట్టు. బేరం తెగితే మాత్రం కుదిరినట్టు. తగవు తెగింది అన్నా అంతే, తీర్పు అయిపోయిందని. ఇక లాగడానికి ఏమీ మిగల్లేదు అన్న భావం రెండు వైపులా ఉంది. బయటి ఊరివాళ్లు "బేరం తెగింది" అంటే చెడిపోయిందనుకుంటారు. తెగింది వేరు, తెగిపోయింది వేరు. ఇంత సన్నని తేడాను సంతలో ఎవరూ ఎవరికీ నేర్పరు.

చివరిగా "అమ్మబడును". ఎద్దులు తమంతట తాము అమ్మబడవు, మీ నాయన అమ్ముతాడు. "ఇచ్చట అమ్మబడును" అన్నది బోర్డుల మీద పుట్టి బోర్డుల మీదే బతికే తెలుగు. ఏ రైతూ ఇంకో రైతుతో అలా అనడు. "కాడి ఎద్దులు" బాగానే ఉంది, మనం పలికేది కాడెద్దులనే కాబట్టి అలా కలిపి రాసినా మంచిదే. మీ ప్రకటనను నేను ఇలా రాస్తాను:

"నాలుగు పండ్ల కాడెద్దులు అమ్ముతాం. ఒకటి ఆరు పండ్లకు వస్తున్నది. సేద్యానికి, బండికి రెండింటికీ అలవాటైనవి. ఇంటికొచ్చి నోరు చూసుకొని, కాడి కట్టి చూసుకొని, బేరం మాట్లాడుకోవచ్చు."